హోసూరు సర్వర్ ఆపిన రోజు

నేను రాగిముద్ద గెలుకుతుంటే మా ఆయన చంద్రశేఖర్ అన్నాడు. "కృష్ణగిరికి ఇంకెవురినైనా పంపమని చెప్పు. నువ్వు పోతే ఈడ వంటెవురు చేస్తారు?"

నేను పనిచేసే గేర్ల కంపెనీకి హోసూరులో ఒక ఫ్యాక్టరీ, కృష్ణగిరిలో ఒకటి. డ్రాయింగులన్నీ హోసూరు సర్వర్లోనే ఉండేవి. అది ఆగిందంటే రెండు చోట్లా మిషన్లు ఆగేవి, దాన్ని చూసుకునే నాకు ఫోన్ వచ్చేది. కంచం ముందు నుంచి లేచి పరుగెత్తేదాన్ని. తిరిగొచ్చాక అంట్లు తోముకునేదాన్ని. కృష్ణగిరిలో రెండో సర్వర్ పెడదామని, ఒకచోట మార్చిన ఫైలు రెండోచోటా దానంతటదే మారేలా, ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునేలా చేద్దామని మేనేజర్‌ను ఒప్పించడానికి ఏడాది పట్టింది.

"నేనూ పోతాను," అంది మా అత్త పుట్టమ్మ. "బేరిగైలో పుట్టినాను, హోసూరుకొచ్చినాను. అంతకుమించి ఏం చూసినాను?"

మర్నాడు తెల్లవారుజామునే ఇద్దరం కృష్ణగిరి బస్సెక్కాం.

శూలగిరి దాటినా కొండల మీద మంచు ఇంకా విడలేదు. అత్త నా భుజం మీద నిద్రపోయింది. మామిడితోపులు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. నన్ను ఎవరూ పిలవడం లేదు. ఎన్నేళ్లయిందో ఇలా ఊరికే కూర్చుని.

కృష్ణగిరిలో కొత్త సర్వర్ ముందు, వాన చూస్తున్నట్టు, ఒక్కొక్క ఫైలూ వచ్చి చేరడం చూస్తూ కూర్చున్నాను. ఒక డ్రాయింగు మాత్రం రాలేదు. హోసూరులో ఎవరో దాన్ని తెరిచి వదిలేశారు. అక్కడి ఆఫీసులో నాతో పనిచేసే చైత్రకు ఫోన్ చేసి మూయించాను. వచ్చేసింది.

"ఇప్పుడు ఆడ సర్వర్ ఆపు," అన్నాను.

"నిజంగా ఆపాల్నా అక్కా?"

"ఆపు."

తెర ఒక్క క్షణం తడబడింది. తర్వాత డ్రాయింగు తెరుచుకుంది. పక్క షెడ్డులో మిషన్ల చప్పుడు మారనే లేదు.

"ఏమైంది?" అంది పక్కన స్టూలు మీద కూర్చున్న అత్త.

"ఆడ ఆగిపోయింది అత్తా. ఈడ ఎవురికీ తెలీలేదు."

ఆమె కిటికీలోంచి కొండను చూసింది. "జొరమొచ్చినా ఒక్కపూట పడుకోలేదు వినుతా. నేను లేకుంటే ఇల్లు నిలిచిపోతుందనుకున్నాను." నా వైపు తిరిగి, "ఊరికే భయపడినానేమో," అంది.

కొత్త సర్వర్‌ను చూసుకోవడానికి ఈ నెలంతా ఇక్కడ ఒకరు ఉండాలని మేనేజర్ ఫోన్లో అన్నప్పుడు, నేనే ఉంటానని చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

సాయంత్రం చంద్రశేఖర్ ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను. "సరే, నువ్వుండు. అమ్మనైనా రేపు బస్సెక్కించు," అన్నాడు.

ఫోన్ అత్త చేతికిచ్చాను.

"నన్నడక్కుండా నన్నెట్ల బస్సెక్కిస్తారప్పా?" అంది ఆమె.