తలుపు పక్క మంచం

"ఇది దవాఖాన గాదు, జర మెల్లగ మాట్లాడు" అంటుంది రుక్కమ్మ, కోడలు వంటింట్లోంచి ఏదైనా గట్టిగా చెప్పినప్పుడల్లా. యమున చెప్పేది పెద్ద సంగతేమీ కాదు. చారు చల్లారుతోంది రమ్మనో, గ్యాస్ అయిపోవచ్చింది బుక్ చేయమనో. అత్తకు ఆ గొంతు మరీ పెద్దదిగా వినిపిస్తుంది, మొగుడు రాకేష్‌కైతే అసలు వినిపించదు. ఒకరికి డబ్బా కట్టి, ఒకరికి అన్నం మూతపెట్టి, బట్టలు ఆరేసి బస్సెక్కేసరికే ఆమెకు సగం ఓపిక అయిపోతుంది. అయినా వనపర్తిలో దిగి ఆడవాళ్ల వార్డు మెట్లెక్కుతుంటే ప్రాణం లేచొస్తుంది. అక్కడ ఆ నోటికే జీతమిస్తారు మరి.

డాక్టరమ్మ చెప్పింది రోగుల వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పడం, వాళ్లన్నది నర్సులకు చేరవేయడం ఆమె పని. చేరిన కొత్తలో ఆమెకో సంగతి బోధపడలేదు. వార్డులోకి వచ్చిన ప్రతి మనిషీ తలుపు పక్క మంచమే అడుగుతుంది. బాత్రూమ్ వాసన, చెప్పుల చప్పుడు, అన్నీ అక్కడే. ఒకామె దానికోసం ఫ్యాను కింది మంచాన్ని వదులుకుంది కూడా. తర్వాత తెలిసింది. గుమ్మం బయట నిలబడి "ఫలానా ఆమె తాలూకు మగవాళ్లెవరు?" అని పిలిచి, రోగం సంగతి వాళ్లకే చెప్పడం అక్కడి రివాజు. తలుపు పక్కన పడుకుంటే తన రోగమేంటో తన చెవినా కాస్త పడుతుంది. మిగతావాళ్లకు మొగుడు ఎంత చెబితే అంతే రోగం.

గద్వాల నుంచి వచ్చిన రజనికి ఆ మంచం దొరకలేదు. అవతలి గోడ పక్కన, రక్తం పోయి పాలిపోయిన ముఖంతో పడుకుని గుమ్మం వైపే చూస్తోంది. గర్భసంచిలో గడ్డ. "ప్రమాదమేం లేదు. కొన్నాళ్లు మందులు వాడి చూడొచ్చు, లేదంటే సంచి తీసేయొచ్చు. ఏదంటారో కనుక్కో" అని డాక్టరమ్మ యమునకు చెప్పి వెళ్లింది.

యమున గుమ్మం దగ్గర అదే చెప్పింది. రజని మొగుడు ఉమేష్ ఆలోచించనైనా లేదు.

"తీసేయమను అక్కా. పెండ్లిల్ల సీజనొస్తుంది. చీరకు అంచు కలపాలంటె మగ్గం మీద ఇద్దరుండాలె. మల్ల మల్ల దవాఖాన్లంటె ఎట్లయితది?"

"దానికేం చెప్పకు బిడ్డా" అంది అతని తల్లి జోగమ్మ. "ఉత్తగనె పరేషానైతది."

ఆ మాట యమునకు కొత్త కాదు. ఈ ఉద్యోగానికి రాకముందు, కడుపునొప్పని ఆమెను వేరే ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏదో ఆపరేషన్ చేయించారు. ఇంటికొచ్చాక, పక్కింటామెతో రుక్కమ్మ "మా కోడలి సంచి తీపిచ్చినం" అంటుంటే విన్నది. పుచ్చిన పన్ను తీయించినంత తేలిగ్గా అన్నది. రాకేష్‌ను అడిగితే, "నీకు చెప్తె పరేషానైతవని చెప్పలే. అయినా డాక్టర్లకు తెల్వదా?" అన్నాడు. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. తన ఒంట్లో జరిగింది తనకంటే ముందు వీధికి తెలిసింది. ఇంకేం అడగలేకపోయింది.

"లోపలికి రాండ్రి" అంది యమున.

రజని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మొగుడూ అత్తా వింటుండగానే, గడ్డ ఎక్కడుందో, ఉన్న రెండు దార్లేమిటో, ఒక్కోదానితో వచ్చే ఇబ్బందేమిటో ఇంట్లో పనికిరాని ఆ పెద్ద గొంతుతోనే చెప్పింది. చుట్టుపక్కల మంచాల వాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

"నాకే చెప్తున్నవా అక్కా?" అంది రజని.

"నీ ఒళ్లే గద?"

రజని మెల్లగా లేచి కూర్చుంది. "మందులేస్కుంట మగ్గం మీద కూసోవచ్చా?" అని అడిగింది. కూర్చోవచ్చని విన్నాక, "మందులే ఏస్కుంట. తక్కువ గాకుంటె అప్పుడు జూద్దాం" అంది. ఉమేష్ నసిగాడు, తల గోక్కున్నాడు, చివరికి టీ తాగొస్తానని వెళ్లిపోయాడు. యమునకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఇకమీదట గుమ్మం దగ్గర ఎవరినీ పిలవకూడదు, మంచం దగ్గరికే పోవాలి అనుకుంది. పైవాళ్లు అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

వరండాలోకి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడైంది. జోగమ్మ. తిట్టడానికే వస్తోందనుకుని యమున సిద్ధపడింది.

జోగమ్మ అటూ ఇటూ చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నాది గూడ తీసిండ్రు బిడ్డా. ఉమేషుగాడు గింతంత ఉన్నప్పుడు. ఎందుకు తీసిండ్రో ఎవరు జెప్పలే. గిప్పుడడిగితె చెప్తరా?"

యమున గొంతు మొదటిసారి చిన్నదైంది. "నాదెందుకు తీసిండ్రో నాకు గూడ తెల్వదు పెద్దమ్మా" అని ఆమె చెయ్యి పట్టుకుంది. "రా, డాక్టరమ్మ ఇంక ఇంటికి పోలే. ఇద్దరం పొయ్యి అడుగుదం."