సగం వాత

తెల్లారగానే సిద్దమ్మ కొట్టంలో పేడ తీసేది, కొడుకు మధు ఎద్దుకు కుడితి పెట్టేవాడు. నారాయణఖేడ్‌కు పాలు తీసుకుపోయేవాళ్లు ఆ వాకిలి ముందు బండి నెమ్మది చేసి, మబ్బు పట్టిందా అని ఆకాశం చూసినట్టు, ఎద్దు వీపు చూసి పోయేవారు. ఇప్పుడు ఊరంతా ట్రాక్టర్లే. కాని కంది సాళ్ల మధ్య కలుపు తీసే ఒంటెద్దు గుంటుక తోలినట్టు ట్రాక్టరు తోలలేదు, దానికి అంత ఓపిక ఎక్కడిది? సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

మధు తండ్రి జగన్నాథ్ భార్యను కొట్టినప్పుడల్లా వాత ఎద్దు వీపు మీద తేలేది. నొప్పి సిద్దమ్మది, వాత ఎద్దుది. కల్హేర్ అంగడికి తోలుకుపోతే, కొనవచ్చినవాడు వీపు నిమిరి, "ఏందే జగన్నాథ్, మొన్న బేస్తవారం కూర్ల ఉప్పెక్కువయిందా?" అని నవ్వాడు. నాగల్‌గిద్దలో చుట్టాల దగ్గర వదిలివస్తే, ఇక్కడ దెబ్బ పడిన పూటే అక్కడ వాత తేలింది. వాళ్లు మర్నాడే తెచ్చి అప్పజెప్పారు.

ఆ ఇంట్లో మధు గ్లాసు చప్పుడు కాకుండా దించడం నేర్చుకున్నాడు. చెప్పుల చప్పుడు విని తండ్రి కోపం ఎంతో చెప్పేవాడు. పెద్దయ్యాక ఊరు అతన్ని మెత్తనోడంది. అతనికి మాత్రం తన కుడిచేతి మీద నమ్మకం లేదు. కోపమొస్తే దాన్ని జేబులో దాచుకునేవాడు.

జగన్నాథ్ పోయి మూడేళ్లయింది. ఎద్దు వీపు మీద వెంట్రుకలు సమంగా మొలిచాయి.

ఈ ఎండాకాలం కంగ్టి నుంచి గోవర్ధన్ సంబంధం చూడవచ్చాడు. పిల్లను వెంట తేవడం ఆనవాయితీ కాదు. కాని ఎద్దును తానే చూస్తానని కూతురు సునీత పట్టుబట్టింది. పొలమెంత, చదువెంత అని ఎవరూ అడగలేదు. నేరుగా కొట్టం దగ్గరికే నడిచారు.

ఎద్దు మీద గొంగడి కప్పి ఉంది.

"గింత ఎండల ఎద్దుకు గొంగడేందమ్మా?" అంది సునీత.

"సర్ది చేసింది బిడ్డా," అంది సిద్దమ్మ. ఇరుగుపొరుగుకు ఇలాంటివి చెప్పీ చెప్పీ ఆమెకు అలవాటే.

మధు తానే గొంగడి లాగేశాడు.

వెన్ను దగ్గర మొదలైన ఎర్రటి వాత జానెడు దిగి, అక్కడే ఆగిపోయి ఉంది. సగం వాతను ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. గోవర్ధన్ చెప్పులు విడిచి నిలబడ్డాడు.

సునీత దాని వెంట వేలు పెట్టి చూసింది. వేడిగా ఉంది.

"ఎప్పటిది?"

"పొద్దుగాలది. అమ్మ కొత్తంగి మీద చాయ్ ఒలికిచ్చింది. చెయ్యి లేసింది."

"కొట్టినవా?"

"లే. నడుమల్నే ఆగింది. ఎట్లాగిందో నాకే తెల్వదు."

"మీ నాయినది ఎన్నడన్న ఆగిందా?"

మధు తల అడ్డంగా ఊపాడు.

"నడువ్ బిడ్డా, పోదాం," అన్నాడు గోవర్ధన్. "లేసిన చెయ్యి మల్ల లేస్తది."

"లేస్తే నీకు తెల్వాలె నాయినా. నేనీడ ఉంట, ఎద్దు మనింట్ల ఉంటది. పొద్దుగాల లేవంగనే దాని వీపు చూడు."

"మరి గుంటుకెట్లనే?" అంది సిద్దమ్మ.

ఎవరూ జవాబు చెప్పేలోపే మధు పలుపు విప్పాడు. పగలంతా నడిచి కంగ్టి చేరాడు. గొంగడి కప్పలేదు. దారిలో జనం బండ్లు దిగి, పక్కకు జరిగి నిలబడ్డారు. గోవర్ధన్ రోజూ పడుకునే మంచం ఎక్కడుందో అడిగి, సరిగ్గా దానికెదురుగా, వీపు కనబడేలా ఎద్దును కట్టేశాడు.