పద్నాలుగు కిలోలు

"ఇక్కడ పెట్టు" అన్నాడు మా ఆయన, కాగితం మీద వేలు ఆనించి.

నేను దాణా బస్తాకి మూతి కడుతున్నాను. పదకొండేళ్ళుగా ఆ వేలు ఎక్కడుంటే అక్కడ సంతకం పెట్టాను. మా దాణా కొట్టు లైసెన్సు నా పేరు మీద ఉంది. ఆడవాళ్ళ పేరు మీదైతే రుసుము సగమేనని ఆయనే అలా రాయించాడు. బోర్డు మీద మాత్రం ఆయన పేరు. తూకం నాది, కట్టడం నాది, మోయించడం నాది, ఫ్యాను కింద కుర్చీ ఆయనది. ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఖాళీగా ఉండలేక సాయం చేస్తుంటుంది" అంటాడు. ఖాళీగా ఉండడం ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది గానీ, ఇంతవరకూ తీరిక దొరకలేదు.

చేతులు దులుపుకుని కాగితం అందుకున్నాను. "చదువుతావా ఏంటి?" అని నవ్వాడు. "కళ్ళజోడు తెచ్చుకుంటా" అన్నాను.

అది ప్రభుత్వ దరఖాస్తు. పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక జనం వరదలో ఇళ్ళల్లోనే ఉండిపోతున్నారట. అందుకని వాటికి ఆశ్రయం ఇచ్చేవాళ్ళకు నేల ఎత్తు చేసుకోవడానికి, బోన్లకి, పది రోజుల మేతకి డబ్బిస్తారట. కొట్టు వెనక గోడౌన్ ఇస్తామని ఆయన రాశాడు.

"మీకు కుక్కల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, నేల ఎత్తవుతుంది. ఈసారి మన సరుకు తడవదు. తనిఖీ రోజున నాలుగు బోన్లు ముందు పెడదాం. వరదలో ఎవడి గోల వాడిది, ఎవడొచ్చి చూస్తాడు?"

నేను చూశాను. మూడేళ్ళ కిందట నీళ్ళు సగం మెట్లు ఎక్కాక పడవ వచ్చింది. మనుషులు, ఒక్క ముఖ్యమైన సామాను, అంతే అన్నాడు పడవవాడు. జంతువుల్ని శిబిరంలోకి రానివ్వరన్నాడు. మా ఆయన టీవీని దుప్పట్లో చుట్టి ఎక్కించాడు. మా కుక్క నల్లోడు తోక ఊపుకుంటూ వెనకే వచ్చాడు. "దాన్ని కట్టెయ్, నీళ్ళలో దూకుతుంది. రేపొచ్చి తీసుకెళ్దాం" అన్నాడు ఆయన. మెట్ల కమ్మీకి కట్టాను. కంగారులో చేతికి అలవాటైన ముడే వేశాను, బస్తా మూతికి వేసే ముడి. లారీ మీద వాన పడినా గింజ రాలకూడదని వేస్తాం దాన్ని. తడిసేకొద్దీ బిగుస్తుంది. ఆరో రోజు వెళ్ళేసరికి నీళ్ళు ఇంకా నాలుగు మెట్లు ఎక్కి దిగిపోయి ఉన్నాయి. నల్లోడు పైమెట్టు కోసం ఎంత లాగాడో ఆ ముడే చెప్పింది. నా గోళ్ళకి ఊడలేదు. కత్తితో కోశాను.

"కుక్క కోసం ఇంత ఏడుస్తోంది, రేపు నేను పోతే ఇందులో సగమైనా ఏడుస్తుందో లేదో" అంది ఆ రోజు అత్తగారు. "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుందాం" అన్నాడు ఆయన. "టీవీకి చోటు దొరికింది కదా" అన్నాను. "టీవీ, కుక్క ఒకటేనా?" అన్నాడు. ఒకటి కాదు. నల్లోడు ప్రతి సోమవారం కొట్టు కాటా ఎక్కి కూర్చునేవాడు, బరువు పైకి చదివితే గానీ దిగేవాడు కాదు. పద్నాలుగు కిలోలు. దుప్పట్లో చుట్టినా పడవలో తడిసి పాడైన టీవీని పాత సామాన్లవాడికి నేనే తూచి ఇచ్చాను. పద్దెనిమిది. అంటే టీవీ బదులు నల్లోణ్ణి ఎక్కించి ఉంటే పడవలో ఇంకా నాలుగు కిలోలు మిగిలేవి. ఆ నాలుగు కిలోలూ మూడేళ్ళుగా నేను మోస్తున్నాను.

కలం తీశాను. జంతువులకు కేటాయించే స్థలం అన్నచోట ఆయన "ఒక మూల" అని రాశాడు. కొట్టేసి "గోడౌన్ మొత్తం" అని రాశాను. బాధ్యుల పేరు, ఫోన్ నంబరు కొట్టేసి నావి రాశాను.

"ఏంటా గీతలు?"

"లైసెన్సు ఎవరి పేరు మీదుందో గుర్తొచ్చింది."

"మరి సరుకు ఎక్కడ పెట్టమంటావ్?"

"పడవ వస్తుందిగా. ఎక్కించడం మీకు బాగా వచ్చు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ కాగితం ఇటివ్వు, చింపేస్తా. ఆ డబ్బూ వద్దు, ఏమీ వద్దు."

"చింపండి. ఆఫీసుకెళ్తే ఇంకోటి ఇస్తారు. దాన్ని మొదటి గడి నుంచీ నేనే నింపుతాను."

"అమ్మా, చూడు దీని వరస" అని కేకేశాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని చిరిగిన గోనెసంచులు కుడుతోంది. తల ఎత్తలేదు. "నువ్వు పడవెక్కించిన ఆ టీవీ ఒక్కరోజైనా పలికిందట్రా?" అంది.

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చుని ఫ్యాను స్పీడు పెంచాడు. కాగితం ఎగరకుండా దాని మీద తూకపు రాయి పెట్టాను. చివర్లో ప్రత్యేక సూచనలు అని ఒక గడి ఉంది, ఎవరైనా ఖాళీగా వదిలేసే గడి. అందులో రాశాను: ఏ జంతువునూ తాడుతో కట్టకూడదు. బోనుకు గడియ మాత్రమే ఉండాలి, చేత్తో తీస్తే రావాలి.

దాని కింద, ఎవరి వేలూ లేని చోట, సంతకం పెట్టాను.