ఫలకాన్ని తిప్పిన చేయి

బంగాళాదుంపల తొక్క తీస్తూ నేను కోణాలను లెక్కించుకునేదాన్ని. మా జర్మనీలో బడులు మధ్యాహ్నమే విడుస్తారు. ఒంటిగంటకు వేడి భోజనం బల్లమీద లేని ఇల్లు ఇల్లే కాదని అందరి నమ్మకం. నా భర్త ఎకార్ట్ లాటిన్ పంతులు. పిల్లలతోపాటే ఇంటికి వస్తాడు, పిల్లలతోపాటే బల్ల ముందు కూర్చుని నాకోసం ఎదురుచూస్తాడు. ప్రయోగశాలలో ఆలస్యమైన ప్రతిసారీ ఒకటే మాట: “నీ పరమాణువులకు ఆకలి వెయ్యదు రోస్‌వితా, పిల్లలకి వేస్తుంది.” అత్తగారు ఇంకో మెట్టు పైన: “కాకి తల్లివే నువ్వు! గూట్లో పిల్లల్ని వదిలేసి ఊరంతా తిరుగుతావు.” కాకికైనా మగతోడు ముక్కున కరచి ఏదో ఒకటి తెస్తుంది, ఆమె కొడుకు గరిటె పట్టి ఎరుగడు. ఈ జవాబు నా నాలుక చివర ఆగిపోయేది. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు క్షమాపణ ప్రార్థనగా మారేది. ఇల్లు చేరేసరికి మళ్లీ కోపమయ్యేది.

విశ్వవిద్యాలయంలో నా పని కాల్షియం ఆవిరిని సన్నని ధారగా వదిలి, లేజరు కాంతితో మేల్కొలిపి, హీలియంతో ఢీకొట్టించి, ఆ తాకిడిలో శక్తి ఎంత చేతులు మారిందో కొలవడం. నిద్రాణమైన కాల్షియం పరమాణువు గుండ్రం. ఏ దిక్కునుండి తాకినా ఒకటే. కాంతి తాకినదాని ఎలక్ట్రాను మేఘం మాత్రం ఆ కాంతి కంపించే దిక్కుకు సాగి నిలుస్తుంది. వచ్చేదానికి ఎదురుగా సాగితే ఒక ఫలితం, అడ్డంగా సాగితే మరొకటి. ఈ తేడాను మొదటిసారి చూపినప్పుడు ప్రొఫెసర్ వెండ్లాండ్ కళ్లజోడైనా తీయలేదు. “అది పరికరం రొద అమ్మా. సగటు తీసెయ్.”

అక్కడ డాక్టరేట్ పట్టా పొందిన ప్రతి మగవాడూ ‘డాక్టర్ గారు’. నాకూ అదే పట్టా ఉంది, నేను ‘అమ్మా’. సగటు తీస్తే ఏ దిక్కూ మిగలదు. ఇంటా బయటా నన్నూ అలాగే సగటు తీశారు. ధూళికంటే సూక్ష్మమైనదానికి సైతం సృష్టికర్త ఒక ముఖాన్ని ప్రసాదించగా, దానిని చెరిపివేసే అధికారం వీరికెవరిచ్చారు?

నేను సగటు తీయలేదు. మూడు శీతకాలాలు కొలిచాను. గీత స్పష్టపడిన తరువాత ప్రొఫెసర్ నోట అది ‘మన ఫలితం’ అయింది; మరో నెలకు ‘నా ఫలితం’. వ్యాసంలో నా పేరు చిట్టచివర కృతజ్ఞతలలో, ప్రయోగశాలకు గాజు గొట్టాలు ఊది చేసే ఆయన పేరు పక్కన ఉంది.

అయితే, కాంతి కంపించే దిక్కును తిప్పే స్ఫటికపు ఫలకాన్ని మూడో చలికాలం నేనే మార్చాను. కొత్త ఫలకాన్ని ఎంత తిప్పితే కాంతి దానికి రెండింతలు తిరుగుతుంది. ఆ సంగతి నోటు పుస్తకం అంచున రాశాను. ప్రొఫెసర్ అంకెలు తీసుకున్నారు, అంచు చదవలేదు. గీతలో చుట్టుకు రెండు శిఖరాలుండవలసిన చోట నాలుగు కనబడగా, మహాద్భుతమని సభ పిలిచారు.

ముందురోజు చెప్పబోయాను. “సార్, ఆ ఫలకం…”

“తర్వాత చూద్దాంలే అమ్మా. రేపు కాఫీ అందరికీ సరిపోతుందా?”

పద్నాలుగేళ్లుగా ఆయన తప్పులను కాఫీ కప్పుతోపాటు రహస్యంగా చెవిలో దిద్దినదాన్ని నేనే. ఆ ఉదయం కాఫీ పెట్టలేదు. ఇల్లు దాటుతూ ఎకార్ట్‌తో అన్నాను: “దుంపలు బుట్టలో ఉన్నాయి.”

“అయితే?”

“తొక్క తియ్యాలి.”

“నేనా!”

“పిల్లలకి ఆకలేస్తుంది.”

సభలో ప్రొఫెసర్ నాలుగు శిఖరాలూ చూపి ముగించారు. మా ఆచారం ప్రకారం శ్రోతలు వేళ్ల కణుపులతో బల్లలు తట్టారు. ఆ చప్పుడు ఆగకముందే లేచాను.

“నాలుగు కాదు, రెండు.”

ఆయన నవ్వారు. “అమ్మా, కాఫీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.”

“ఫలకం ముప్పై డిగ్రీలు తిరిగితే కాంతి అరవై తిరుగుతుంది. మీరు గీసింది ఫలకం కోణం. పుస్తకం అంచున రాసి ఉంది.”

నవ్వు ఆగింది. “ఎవరు చెప్పారు నీకు?”

“ఒకరు చెప్పేదేముంది? ఆ ఫలకాన్ని తిప్పిన చేయి ఇది. నా పేరు డాక్టర్ రోస్‌విత హార్ట్‌లీబ్.”

ఎవరూ బల్ల తట్టలేదు. నేను నల్లబల్ల దగ్గరికి నడిచి సుద్దముక్క కోసం ఆ చేతినే చాచాను. ఆయన ఇచ్చేవరకు చాచే ఉంచాను.