అద్దం మీద పాదాలు

ఇలా దగ్గరికి జరగండి, ఆ కిటికీ పక్కన చలిగాలి కొడుతుంది. ఒజెలీ సంగతి చెబుతాను, వినండి.

న్యూ బ్రన్స్‌విక్ అని ఒక చలి ప్రాంతంలో, సముద్రం ఒడ్డున, పీతల ఫ్యాక్టరీకి పావుగంట దూరంలో ఆవిడ ఇల్లు. చెయ్యి మంచిది, మనసూ మంచిదే. ఒక్కటే లోపం. మొగుడు నార్మన్ ఏ ఆడమనిషితోనైనా రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే చాలు, ఆవిడ కడుపులో నిప్పు రాజుకునేది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ నిప్పు పూర్తిగా ఆరిన రోజు లేదు.

నార్మన్ ఫ్యాక్టరీలో ఐసు యంత్రం చూసుకునేవాడు. పీతల పని ఏప్రిల్లో మొదలవుతుంది, అప్పటికింకా రోడ్ల పక్కన మంచు కరగదు. ఆ దారిలో పనివాళ్లందరూ ఒకే కారులో వెళ్లడం అక్కడ అలవాటు. ఆ ఏడు నార్మన్ కారులో ఇద్దరు ఎక్కేవాళ్లు. ముసలి లియోన్స్ మోకాళ్ల నొప్పి మనిషి, కాళ్లు చాపుకోవడానికి వెనక సీటు ఆయనది. ముందు సీటులో మిరేయ్, మూడు వారాల కిందట కొత్తగా చేరింది. ముప్పై ఏళ్లది, పొడుగ్గా ఉంటుంది, ఊరికే నవ్వుతుంది. ఆ నవ్వే ఒజెలీకి పడేది కాదు.

ఒక ఆదివారం మొగుడూ పెళ్లాలు చర్చికి బయల్దేరారు. బయట చలి, లోపల మనుషుల ఊపిరి, కారు అద్దం మసకేసింది. ఆ మసకలో సరిగ్గా ఒజెలీ ముందు రెండు పాదాల అచ్చులు తేలాయి. పది వేళ్లూ విడివిడిగా, సన్నగా, పొడుగ్గా.

ఒజెలీ కాలివేళ్లు అల్లం కొమ్ముల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఆ అచ్చులు తనవి కావని చూడగానే తెలిసిపోయింది.

"ఏమిటలా చూస్తున్నావు?" అన్నాడు నార్మన్.

"అద్దం మురికిగా ఉంది."

"తుడుస్తాలే."

"వద్దు. ఉండనీ."

చర్చిలో ఫాదర్ చెప్పింది ఒక్క ముక్క చెవికెక్కలేదు. పరాయివాడి కారులో ఆ మిరేయ్ బూట్లు విప్పి, మేజోళ్లు విప్పి, కాళ్లు అంత ఎత్తున పెట్టుకుందంటే ఎంత చనువుండాలి? మధ్యాహ్నం కోడి ఫ్రికో పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నార్మన్ కిక్కురుమనకుండా తిని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు ఊరుకుంటాడు అనుకుంది ఒజెలీ.

సోమవారం పొద్దున్నే వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుంది. "మా చెల్లెలింటికి పోవాలి, ఫ్యాక్టరీ దాటాక దింపు" అంది.

దారిలో ఎక్కిన మిరేయ్ వెనక్కి వెళ్లి లియోన్స్ పక్కన ఇరుక్కుంది.

"నీ సింహాసనం పోయిందే పిల్లా," అన్నాడు లియోన్స్. "అసలు రాణి వచ్చింది."

ఒజెలీ వినిపించుకోలేదు. బూట్లు విప్పింది. మేజోళ్లు విప్పింది. పాదాలు ఎత్తి అద్దం మీద ఆ అచ్చుల మీదే ఆనించబోయింది. పొట్టి కాళ్లు కదా, అందలేదు. సీటు ముందుకు లాక్కుంది, ఇంకా లాక్కుంది. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాక అందాయి.

"కాళ్లు దించు," అన్నాడు నార్మన్.

"చలేస్తోంది."

"చలేస్తే బూట్లు తొడుక్కుంటారు. దించు. నీ కాళ్ల కింద ఎయిర్‌బ్యాగు ఉంది. ఏదైనా గుద్దితే రెప్పపాటులో పేలుతుంది. నీ మోకాళ్లే నీ మొహం పగలగొడతాయి."

వెనక నుంచి మిరేయ్ నవ్వింది. "అచ్చం నాకు చెప్పిన మాటలే పిన్నీ. పొద్దస్తమానం రబ్బరు బూట్లతో తడి నేల మీద నిలబడతాం కదా, మేజోళ్లు తడిసి కాళ్లు కొయ్యలైపోయాయి. శుక్రవారం వాటిని విప్పి, అద్దం కింద వచ్చే వేడిగాలికి కాళ్లు అద్దానికి ఆనించి పెట్టుకున్నాను. బాబాయి దించమన్నాడు, దించేశాను."

ఇంకెవరైనా అయితే అక్కడితో చల్లబడేవాళ్లు. ఒజెలీకి మాత్రం 'అచ్చం అవే మాటలు' అన్నది ముల్లులా దిగింది. ముప్పై నాలుగేళ్ల పెళ్లానికీ మూడు వారాల మనిషికీ ఒకటే మాటా?

"దానికి చెప్పిందే నాకూ అప్పజెబుతున్నావా? నేను దించను."

"దించు తల్లీ," అన్నాడు లియోన్స్. "మా రోజుల్లో కార్లలో ఈ సంచులుండేవి కావు. పళ్లు రాలేవి, అంతే."

నార్మన్ కారు రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నువ్వు దించేదాకా ఇది కదలదు."

"ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది, పనికి ఆలస్యమవుతావు."

"మోగనీ."

ఇరవై రెండేళ్ల ఫ్యాక్టరీ పనిలో నార్మన్ ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లి ఎరగడు. అద్దాలన్నీ మసకేశాయి. కాసేపటికి దూరంగా సైరన్ మోగి ఆగిపోయింది. మిరేయ్ గడియారం చూసుకుంది. అప్పుడు నార్మన్ స్టీరింగు వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

"నేను ఫైరింజను వాళ్లతో సాయానికి వెళ్లే రోజుల్లో, వంతెన దగ్గర ఒక కారు ముందు కారును గుద్దింది. పెద్ద గుద్దేం కాదు. నడిపినవాడు దిగి నడిచొచ్చాడు. పక్కనున్నావిడ ఇలాగే కాళ్లు పైన పెట్టుకుంది. తొడ విరిగింది, తుంటి తప్పింది. నా చెయ్యి పట్టుకుని, నా కాళ్లు ఎక్కడున్నాయి బాబూ అని అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి నేను ముద్ద ముట్టలేదు."

"కడుపునొప్పి అన్నావు," అంది ఒజెలీ.

"అన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు."

ఒజెలీ మొగుడి వైపు తిరిగింది. "ఆ పిల్లకి కూడానా?"

"ఎవరికీ."

ఒక కాలు దించింది. తిమ్మిరెక్కిన రెండోదాన్ని రెండు చేతులతో పట్టుకుని దించింది. సీటు వెనక్కి జరిపింది.

"ఇంకా జరుపు. వీపు సీటుకి ఆనాలి. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి మీద."

"లియోన్స్ మోకాళ్లో?"

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను, ముందు నువ్వు జరుగు," అన్నాడు వెనక నుంచి ముసలాయన.

కారు కదిలింది. ఫ్యాక్టరీ కనబడేసరికి ఒజెలీ మొహం వెలిగిపోతోంది. తన కోసం ఆలస్యమెరగడన్న ఇరవై రెండేళ్ల పేరు పోగొట్టుకున్నాడు మొగుడు, అదీ ఆ పిల్ల కళ్లెదుట. ఆ సంబరంలో ఊరుకోలేక అడిగేసింది.

"పాపం ఆ పిల్ల నువ్వు చెప్పగానే దించింది. దించకపోతే దానికోసం కూడా ఇలా ఆపేవాడివా?"

నార్మన్‌కి అబద్ధం ఆడటం చేతకాదు.

"ఆపేవాణ్ణే," అన్నాడు.

కడుపులో నిప్పు భగ్గుమంది. చెల్లెలింటి దాకా ఒజెలీ మళ్లీ నోరు విప్పలేదు, మొగుడి వైపు తిరగలేదు. అంత కోపంలోనూ పాదాలు మాత్రం నేల మీదే ఆనించి, వీపు సీటుకి ఆనించి కూర్చుంది.

ఇది గుర్తుంచుకోండి నాయనా. మీ పక్క సీట్లో ఎవరైనా కాళ్లు పైకెత్తితే, కారు కదిలే ముందే ఒజెలీ సంగతి చెప్పండి. అలిగినా పర్వాలేదు, కాళ్లు కిందపెట్టి అలగమనండి.