గీత దాకా ఉమ్మాలి

భర్త మొండయ్య పోయినప్పటి నుంచి భూదేవి నోరు ఎండిపోయే ఉంటోంది. ఏడుపు రాలేదు. ఆకలీ తెలియడం లేదు. సూరత్ నవాగామ్‌లోని ఇరుకు గదిలో కూర్చుని, ఎప్పటిలాగే కూలికి చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పక్కింటి బాలవ్వ చూసి చూసి ఒకరోజు చెయ్యి పట్టుకుని లేపింది.

"నడువు. సమాజ్ హాల్ల ఏదో పరీక్ష పెట్టిన్రట. సూది లేదట, నెత్తురు తియ్యరట. జర నలుగుర్ల కూసున్నట్టయితది."

తెలుగువాళ్ల సంఘం హాల్లో బల్ల వెనక ఉదయశ్రీ కూర్చుని ఉంది. బ్యాంకు ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఉమ్ముతో జబ్బులు కనిపెట్టే పరీక్ష కోసం ఒక కంపెనీ కొత్త గొట్టం తయారుచేసింది. జనం దాన్ని ఇంట్లో తమంతట తాము వాడుకోగలరో లేదో చూడడం ఆమె పని.

"ఆంటీ, మూత తీసి ఈ గీత దాకా ఉమ్మాలి. నురగ లెక్కకు రాదు. తర్వాత మూత గట్టిగా బిగించాలి, బస్. నేను మధ్యలో హెల్ప్ చేయకూడదు, చూస్తూ ఉంటానంతే."

"గీడనా? గిందరి ముంగటనా?"

ఉదయశ్రీ ఆమె కూర్చున్న కుర్చీని గోడవైపు తిప్పింది. భూదేవి కొంగు అడ్డం పెట్టుకుని గొట్టాన్ని పెదవులకు ఆనించింది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. ఎంత ప్రయత్నించినా కాస్త తెల్లటి నురగ గొట్టం అంచుకు అంటుకుంది తప్ప కిందికి దిగలేదు.

"నిమ్మకాయ తలచుకోండి ఆంటీ. ఖట్టా."

తలచుకుంది. పచ్చగా నిమ్మకాయ కనబడింది. పులుపు మాత్రం రాలేదు.

ఉదయశ్రీ రెండో రకం ఇచ్చింది. పుల్లకు చుట్టిన దూది, నాలుక కింద పెట్టుకోవాలి. భూదేవి పెట్టుకుంది. ఆసుపత్రిలో మొండయ్య నోట్లో తులసి నీళ్లు పోసింది తనే. అవి లోపలికి పోకుండా పెదవి పక్కనుంచి దిండు మీదికి కారాయి. అది కళ్లముందు మెదిలినా ఇంకెవరికో జరిగినట్టే ఉంది.

దూది పొడిగానే బయటికొచ్చింది.

"ఆంటీ, పొద్దున్నుంచి నీళ్లు తాగలేదా? టెస్ట్‌కు అరగంట ముందు మానేస్తే చాలు కదా!"

"నిన్న తాగిన్నో, మొన్న తాగిన్నో. యాదికి లేదు బిడ్డా."

"అయ్యో, ఎందుకని?"

"ఇంట్ల మనిషి పోయిండు," అంది భూదేవి, కరెంటు పోయిందన్నంత మామూలుగా.

ఉదయశ్రీ కలం కింద పెట్టింది. సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది.

"టెస్ట్ వద్దు. ముందు తాగండి."

భూదేవి తాగింది. సగం ఖాళీ చేసి ఆగింది.

"గిది ఖరాబైంది గదా. నిన్నేమన్న అంటరా?"

"ఏమీ అనరు. నోరు ఎండినవాళ్లకు ఇది పని చేయట్లేదని రాస్తాను. అది తెలుసుకోవడానికే కదా పెట్టింది."

తిరిగి వెళ్లేటప్పుడు బాలవ్వ దారిలో చల్ల ఇప్పించింది.

"ఎట్లున్నది?"

"సల్లగున్నది," అంది భూదేవి.

ఇంటికొచ్చి మళ్లీ చీరల ముందు కూర్చుంది. సాయంత్రం బాలవ్వ అన్నం కలిపి తెచ్చింది. భూదేవికి రుచి తెలియలేదు గానీ, కంచం పక్కకు నెట్టలేదు.