తగలబెట్టాల్సిన చీటీలు

చర్చిలో ఆమెను అందరూ నిప్పుల పెద్దమ్మ అంటారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనానికి ముందు విశ్వాసులు తమ పాపాల్ని పేరు లేని చీటీల మీద రాసి చెక్కపెట్టెలో వేస్తారు. శనివారం ఉదయం వాటిని విప్పకుండా వెనక పెరట్లో కాల్చేయడం ఆమె పని. విప్పకుండా అన్నది పాస్టరుగారి మాట. ఎవరి కోసం ప్రార్థించాలో తెలియాలి కదా అని పెద్దమ్మ రెండు మూడు విప్పేది. ఇరవై ఏళ్లుగా ఆ ప్రార్థనాభారం పాపం ఆమె ఒక్కతే మోస్తోంది.

ఆ శనివారం విప్పిన చీటీలో, "ప్రభువా, ఆమె త్వరగా పోవాలని కోరుకుంటున్నాను. క్షమించు" అని ఉంది. పెద్దమ్మ చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. తన మందుల డబ్బా మీద "ఉదయం, రాత్రి" అని రాసిన గుండ్రటి అక్షరాలే ఇవి. కోడలి అక్షరాలు.

ఆ పూట నుంచి కోడలిచ్చిన మాత్రలు నాలుక కింద దాచి, కిటికీలోంచి ఉమ్మేసేది. కోడలు నవ్వితే ఎందుకు నవ్విందోనని అనుమానం, నవ్వకపోతే ఇంకా పెద్ద అనుమానం.

ఊరికే అడుగుతున్నట్టు పాస్టరుగారిని అడిగింది. "చెయ్యకుండా అనుకుంటేనే పాపమా అండీ?"

"పాపం చేతుల్లో పుట్టదమ్మా. మనసు దేవుణ్ణి వదిలి తన చుట్టూ తానే తిరగడం మొదలుపెడుతుంది చూశారా, అక్కడే పుడుతుంది. చేతులు చేసేది ఆ తర్వాత. అది మనందరిలోనూ ఉంది."

అచ్చంగా మా కోడలే, అనుకుంది పెద్దమ్మ. చివరి మాట చెవికెక్కనే లేదు.

ఆదివారం కోడలు వచ్చి నిలబడింది. "అమ్మకి బాగోలేదత్తయ్యా. రెండు రోజులు వెళ్లొస్తాను."

కోడలి తమ్ముడిది మందుల దుకాణం. ఏం తేవడానికో ఈ ప్రయాణం! పెద్దమ్మ గుండె పట్టుకుని మంచం మీద వాలిపోయింది. కోడలు సంచి పక్కన పెట్టేసి, ఆమె పాదాలు రుద్దుతూ కూర్చుంది. మంగళవారం మళ్లీ బయలుదేరబోయింది. మళ్లీ గుండె నొప్పి వచ్చింది.

బుధవారం పొద్దున ఫోనొచ్చింది. కోడలు వంటగదిలో నేల మీద కూలబడింది.

"అమ్మ పోయిందత్తయ్యా! నొప్పికి ఫోన్లో ఎలా అరిచేదో... వినలేక, త్వరగా తీసుకుపో ప్రభువా అని చీటీ కూడా రాశాను. కన్నతల్లి చావు కోరుకున్నాను. కడసారి చూపు కూడా దక్కలేదు."

పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుంది. నాకసలు నొప్పే రాలేదమ్మా, నిన్ను నేనే ఆపాను అని చెప్పేయాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ నోటివెంట వచ్చింది వేరు.

"అంత బాధ పడుతోందని ముందే చెప్పొచ్చుగా? చెబితే నేను ఆపుతానా? తప్పు నీదే."

కోడలు కొంగుతో ముఖం తుడుచుకుంది. "అవునత్తయ్యా, తప్పు నాదే. అయినా మీకు అలా ఉంటే వదిలేసి ఎలా వెళ్తాను?"

పెద్దమ్మ కాదనలేదు. కాదనాలని తెలుసు, అయినా కాదనలేదు.